తడి గోనె కింద

నారాయణమ్మ పురుగుల ఇంట్లోకి పోవాలంటే ఎంతటివాడైనా ముందు కంచె దగ్గర ఆగాల్సిందే. అక్కడ ఒక రాతికంబం, ఆ కంబానికి ఒక ఇనుప కొక్కెం. బీడీలు తాగేవాళ్ళు బీడీకట్ట, ఆకువక్క నమిలేవాళ్ళు పొగాకు తిత్తి ఆ కొక్కేనికి తగిలించి, పక్కనున్న తొట్టినీళ్ళతో చేతులు కడుక్కొని, నోరు పుక్కిలించి, సున్నం చల్లిన గోనె మీద కాళ్ళు తుడుచుకొని అప్పుడు లోపలికి రావాలి. పట్టుపురుగుకు పొగాకు పడదు. ఆకు మీద కాస్త తగిలినా చాలు, తలెత్తి ఊగుతుంది, పచ్చగా కక్కుతుంది, పూట తిరిగేసరికి చస్తుంది. పోయిన ఏడు పురుగులు చూడడానికి వచ్చిన ఆఫీసరంతటివాడు జేబులోని సిగరెట్టు పెట్టె తీసి, సంచిలో వేసి, ఆ కొక్కేనికి తగిలించి మరీ లోపలికి వెళ్ళాడు. ఆ సంగతి నారాయణమ్మ గోరంట్ల సంతలో కూరగాయలమ్మే ఆమెకు కూడా చెప్పింది.

ఉగాది వెళ్ళి మూడు వారాలైంది. పురుగులు నాలుగో జ్వరం లేచి రెండు రోజులు. పట్టుపురుగు పెరిగే క్రమంలో నాలుగుసార్లు మేత మాని, తల పైకెత్తి, కదలకుండా ఉండి పొర విడుస్తుంది. దాన్నే జ్వరమంటారు. నాలుగో జ్వరం లేచిందంటే ఇక ఆకలే ఆకలి. వేసిన ఆకు వేసినట్టే కరిగిపోతుంది. వేల పురుగులు ఒక్కసారిగా ఆకు తినే చప్పుడు బయటికి వినిపిస్తుంది, సన్నగా వాన పడుతున్నట్టు. మూడేళ్ళుగా సరైన వాన చూడని ఊరది. ఆ చప్పుడు కోసమే మధ్యాహ్నాలు ఇద్దరు ముగ్గురు ముసలివాళ్ళు వచ్చి షెడ్డు గోడకు ఆనుకొని కూర్చునేవాళ్ళు.

ఆ శుక్రవారం పొద్దున చప్పుడు తగ్గింది.

నారాయణమ్మ తట్టల మధ్య నడుస్తూ కిటికీ వైపు వరసలో ఆగిపోయింది. నాలుగు తట్టల్లో పురుగులు ఆకును వదిలేసి తలలెత్తి ఊగుతున్నాయి. కొన్నింటి నోటి నుంచి పచ్చటి నీళ్ళు కారి ఆకు మీద మరకలు కట్టాయి. ఒక పురుగును అరచేతిలోకి తీసుకుంది. పాలు తాగి నిద్రపోయిన బిడ్డలా బరువుగా ఉండాల్సింది, ముడుచుకుపోయి గట్టిగా ఉంది.

“మహేశ్వరీ!” అని అరిచింది కూతుర్ని. “ఈ తట్టలకు ఆకు ఎవరు వేసినారు?”

మహేశ్వరి వెనక్కి తిరిగి మొగుణ్ణి చూసింది. రామాంజులు ఆకుగంప పట్టుకొని ద్వారంలో నిలబడి ఉన్నాడు. వజ్రకరూరు పక్క పల్లె వాడు, ఇల్లటం వచ్చి మూడు నెలలు. అత్తా అల్లుడూ నేరుగా మాట్లాడుకోరాదు కాబట్టి ఆ షెడ్డులో మాటలన్నీ మహేశ్వరి మీదుగా నడిచేవి. రెండు మూరల దూరంలో ఉన్న అల్లుడికి తట్ట అందించమని చెప్పడానికి కూడా నారాయణమ్మ అవతలి మూలనున్న కూతుర్ని కేకేసేది. “మీ ఇద్దరి మధ్య నేను టెలిఫోను తీగ అయిపోయినా” అని మహేశ్వరి విసుక్కునేది.

“ఆయనే వేసినాడు మా, తెల్లారుజాము మేత” అంది మహేశ్వరి. “ఆకు మాత్రం నల్లమ్మత్త కోసుకొచ్చిందే.”

నారాయణమ్మ ఆకు మూలకు వెళ్ళింది. ఎండకు ఆకు వాడిపోకుండా తొట్టిలో పోసి, పైన తడి గోనెపట్టాలు నాలుగు మడతలు కప్పి ఉంచుతారు. అక్కడ నల్లమ్మ వంగి గోనె సర్దుతోంది. అరవై ఏళ్ళుంటాయి. పద్దెనిమిదేళ్ళుగా ఈ ఇంటి మల్బరీ ఆకు కోసే చేయి అది. నారాయణమ్మను చూసి గబుక్కున నడుం నిటారుగా చేసింది. కుడిచేయి చీర కుచ్చిళ్ళలోకి పోయింది.

“ఏదీ, చేయి ఇట్లా తే” అంది నారాయణమ్మ.

నల్లమ్మ చేయి ముందుకు చాచింది. నారాయణమ్మ ఆ చేతిని ముక్కు దగ్గరికి తెచ్చుకొని వాసన చూసింది. పచ్చి ఆకు వాసన, దాని కింద పొగాకు వాసన. అనుమానమే లేదు.

“తిత్తి కంబానికి తగిలించి రాలేదా నువ్వు?”

“తగిలించే వచ్చినా, అమ్మయ్యా.”

“అయితే ఈ వాసన యాడిది?”

నల్లమ్మ ద్వారం వైపు ఒకసారి చూసి కళ్ళు దించుకుంది.

“పద్దెనిమిదేండ్లుగా చెప్తాండా గదే నీకు! ఒక్క పొద్దు, ఒక్క పొద్దు ఆ దరిద్రం నమలకుండా ఉండలేవా? నోరు లేని జీవాలు గదే అవి! పో. ఇంగ నా గడప తొక్కద్దు. పో!”

కోపమొస్తే నారాయణమ్మకు ముందూ వెనకా ఉండదు. కట్టుకున్నవాడు పోయిన నాటి నుంచి ఒంటిచేత్తో పురుగులు సాకింది, ఆ కోపంతోనే సాకింది. నల్లమ్మ కొంగుతో చేయి తుడుచుకొని, ద్వారంలో నిలబడ్డ రామాంజులు పక్కనుంచి ఒదిగి బయటికి వెళ్ళింది. రామాంజులు నోరు తెరిచాడు. ఏదో చెప్పబోయినట్టే ఉంది. మాటకు బదులు దగ్గు వచ్చింది. గంప కింద పెట్టి, గోడ పట్టుకొని చాలాసేపు దగ్గాడు.

“సున్నం ధూళి పడిందేమో, నీళ్ళు ఇయ్యి” అంది నారాయణమ్మ కూతురితో. నాలుగు తట్టల పురుగుల్ని గుంట తీసి పూడ్చింది. మిగిలిన పద్నాలుగు తట్టలు బాగానే ఉన్నాయి. సాయంత్రానికి నల్లమ్మ పొగాకు చేత్తో పురుగులు చంపిందని ఊరంతా తెలిసిపోయింది. నారాయణమ్మే చెప్పింది, కనిపించిన ప్రతివాళ్ళకూ.

శనివారం రామాంజులుకు ఒళ్ళు కాలింది. ఊళ్ళో సూది వేసే అతను వచ్చి ఎండదెబ్బ అని ఒక సూది, చలిజ్వరం కావచ్చని ఇంకొక సూది వేసి వెళ్ళాడు. ఆదివారం తెల్లవారేసరికి మనిషి పడుకోలేక కూర్చున్నాడు. మంచం పట్టె పట్టుకొని, భుజాలు ఎగరేసి ఊపిరి లాగుతున్నాడు. పెదవుల రంగు మారింది. పక్కింటి దాసప్ప ఎక్కడో జీపు మాట్లాడుకొచ్చాడు. పురుగులకు తాను ఆకు వేస్తానని మాటిచ్చి పంపాడు.

అనంతపురంలో అదొక చిన్న ప్రైవేటు ఆసుపత్రి. ఛాతీకి ఎక్స్‌రే ఫోటో తీసి, ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టి, చేతికి సెలైన్ ఎక్కించారు. సాయంత్రం డాక్టరమ్మ వచ్చింది. ముప్పై దాటని మనిషి, మెల్లగా మాట్లాడుతుంది. ఫోటోను కిటికీ వెలుతురుకు పట్టి చూపించింది. ఊపిరితిత్తులు నల్లగా కనిపించాల్సిన చోట రెండు వైపులా తెల్లగా మబ్బు కమ్మింది.

“ఇంత తొందరగా ఇంతలా కమ్మడం మామూలు నిమ్ములో తక్కువ” అంది. “ఈ నెలలో కొత్తగా ఏమైనా మొదలుపెట్టాడా? కొత్త పని, కొత్త మందు?”

“పురుగుల పని మూడు నెలల నుంచి చేస్తాండాడు మేడం” అంది మహేశ్వరి.

డాక్టరమ్మ మంచం మీదికి వంగింది. “రామాంజులూ, సిగరెట్టు తాగుతావా?”

రామాంజులు కళ్ళు తెరిచాడు. డాక్టరమ్మ భుజం మీదుగా ఆ కళ్ళు అత్త దాకా వచ్చి ఆగాయి. అతను తల ఎటూ ఊపకముందే నారాయణమ్మ అందుకుంది.

“అయ్యో, మా ఇంట్లోనా? పొగాకు పొడ కూడా సోకదు మా ఇంటికి! మా అల్లుడు బంగారం మేడం. టీ కూడా తాగడు. పట్టుపురుగులు సాకే ఇల్లు మాది, తెలుసునా? ఆఫీసరే వచ్చి సిగరెట్టు పెట్టె కంచె కాడ తగిలించి లోపలికి వచ్చినాడు.”

“మీరు కాదమ్మా, అతను చెప్పాలి” అంది డాక్టరమ్మ.

రామాంజులు కళ్ళు మూసుకొని తల అడ్డంగా ఊపాడు. డాక్టరమ్మ కాసేపు అతని వేళ్ళను చూసింది. ఆకు కోసీ కోసీ మల్బరీ జీడి పట్టి నల్లబడ్డ వేళ్ళవి, వాటి మీద ఇంకే మరకా తెలియదు. ఆమె చీటీ మీద ఏదో రాసి వెళ్ళిపోయింది. నారాయణమ్మకు లోపల ఎక్కడో గర్వంగానే అనిపించింది. అంత జబ్బులోనూ అల్లుడి నడవడి మీద మచ్చ లేదని డాక్టరుకు తెలిసింది కదా అనుకుంది.

సోమవారం తెల్లవారకముందే ఇంకొక ఫోటో తీశారు. మబ్బు పెరిగింది. బెంగుళూరు తీసుకుపోతే గొట్టం వేసి లోపల నీళ్ళు తీసి చూస్తారని, కానీ దారిలో తట్టుకోలేడని డాక్టరమ్మ చెప్పింది. మధ్యాహ్నం దాకా చూద్దామంది. ఆమె ముఖంలో నిద్ర లేదు. మహేశ్వరి తల్లిని వరండాలోకి తీసుకొచ్చింది.

“నువ్వు మొదటి బస్సుకు పోయి పురుగుల్ని చూసిరా మా. దాసప్పమామకు వాటి పని తెలీదు, వాళ్ళ పురుగుల్ని ఆయన పెండ్లామే చూసుకుంటాది. నిన్న పొద్దున్నించి ఎవరు చూసినారో ఏమో.”

“ఇట్లా ఉంటే నేనెట్ల పోదునే!”

“నువ్వు ఈడ ఉండి ఏం చేస్తావు? అవి చస్తే ఆయన లేచినాక నన్ను అడుగుతాడు.” ‘లేచినాక’ అన్న ఆ మాటనే పట్టుకొని తల్లి బస్సెక్కింది. చేతిలో ఆసుపత్రి చీటీ. దాని మీద ఫోను నంబరు.

దారి పొడుగునా శనగకాయ చేలు బీళ్ళుగా పడి ఉన్నాయి. నారాయణమ్మ కిటికీలోంచి వాటిని చూస్తూ ఏడ్చింది. బస్సులో పక్కన కూర్చున్న ఆమె ఎవరో ఎందుకని అడగకుండానే నీళ్ళ సీసా ఇచ్చింది.

ఊళ్ళో దిగేసరికి తొమ్మిది. పురుగులు పోయి ఉంటాయనే అనుకుంది. నాలుగో జ్వరం లేచిన పురుగుకు రెండు మేతలు తప్పితే చాలు. ముళ్ళకంచె దగ్గరికి వచ్చి ఆగింది. కంబం కొక్కేనికి ఒక తిత్తి వేలాడుతోంది. పాత చీరపేలికతో కుట్టి, నల్లదారంతో ముడేసిన తిత్తి. పద్దెనిమిదేళ్ళుగా చూస్తున్నది, గుర్తుపట్టకుండా ఎట్లా ఉంటుంది. లోపల వాన పడుతున్న చప్పుడు.

నల్లమ్మ తట్టల మధ్య నడుస్తోంది. ఎడమచంకలో గంప, కుడిచేత్తో ఆకును పలచగా, సమంగా చల్లుతోంది. నారాయణమ్మను చూసి గంప దించింది.

“దాసప్ప నిన్న మాపటికి కాడలతో సహా వేసి పోయినాడు, కుప్పలు కుప్పలుగా” అంది, తప్పు చేసి దొరికిపోయినట్టు. “కింద పడిన పురుగులు ఊపిరాడక చస్తాండినాయి. రావద్దన్నావు, తెలుసు నాకు. చేతులు మూడుసార్లు కడుక్కొని వచ్చినా. పోతా ఇంగ. అల్లుడప్పకు ఎట్లుండాది?”

నారాయణమ్మ ఆకు తొట్టి గట్టు మీద కూలబడింది. “బాగాలేదే” అంది. “డాక్టరమ్మకు ఏం రోగమో అంతు పట్టల్యా. కొత్తగా ఏమి తిన్నాడు, ఏమి తాగినాడు అని అడుగుతాది. సిగరెట్టు తాగుతాడా అని అడిగింది. మా అల్లుడా అన్నా నేను.”

నల్లమ్మ గంపను గోడవారగా జరిపింది. తర్వాత ఆమె బయటికి నడిచి, కంబం దగ్గరికి పోయి, తిత్తి విప్పింది. తట్టలకు దూరంగా, కంచె అవతలే నిలబడి, “ఇట్లా రామ్మా” అని పిలిచింది.

తిత్తిలో పొగాకు కాడల అడుగున ఒక సిగరెట్టు పెట్టె ఉంది. తడిసి, ఉబ్బి, మళ్ళీ ఎండిన పెట్టె. లోపలి సిగరెట్లు నాలుగు ముద్దగా అతుక్కుపోయి ఉన్నాయి.

“ఆ పొద్దు గోనె ఎత్తితే మడతలో దొరికింది” అంది నల్లమ్మ. “నీళ్ళు చల్లిన గోనె గదా, తడిసి రసం కిందికి దిగింది. ఆ కింది ఆకే కిటికీ తట్టలకు పోయింది. నువ్వు వచ్చేసరికి నా చేతిలో ఉండె. కుచ్చిళ్ళలో పెట్టుకున్నా.”

నారాయణమ్మకు ఒక్కొక్కటే అర్థమైంది. ఈ ఇంట్లో పెట్టెలో పెట్టినా, దూలం సందులో పెట్టినా మహేశ్వరి కంట పడుతుంది. జేబులో పెట్టుకుంటే కంచె దగ్గర తీయాలి. తెల్లారుజాము మేతకు ఒంటరిగా వచ్చేవాడికి, ఎవరూ చేయి పెట్టని చోటు ఆ గోనె మడత ఒక్కటే. తాగడం తెలిసింది కానీ పొగాకు తడిస్తే ఏమవుతుందో పిల్లవాడికి తెలియలేదు.

“ఎవరిదో నీకు తెలుసు” అంది నారాయణమ్మ.

“తెలుసు. బావి కాడ మోటారు రూము ఎనకాల తాగేది రెండు మూడు సార్లు చూసినా. తాగను కూడా చేతకాదు పాపం, దగ్గుతా తాగేవాడు.”

“నాకు చెప్పాల్సింది గదే!”

“చెప్తే నమ్ముదువా నువ్వు?” నల్లమ్మ నవ్వింది. “నమ్మినావనుకో, అప్పుడేం చేస్తువు? ఊరంతా చెప్తువు. ఆయప్ప ద్వారంలో గంప పట్టుకొని నా తట్టు చూసినాడు. మా పెద్దోడు చిన్నప్పుడు నీళ్ళకుండ పగలగొట్టి అట్లనే చూసేవాడు. ఇంట్లోకి వచ్చి మూడు నెలలే, పరాయి ఊరి బిడ్డ. తిట్లు నాకు కొత్తా?”

నారాయణమ్మ ఆ మనిషి చేయి పట్టుకుంది. శుక్రవారం వాసన చూసిన చేయి అదే. “నేను నీ చెయ్యి వాసన చూసినా గదే” అంది.

“చూసినావు. వాసన ఉండేది నిజమే గదా” అంది నల్లమ్మ. ఆ వెంటనే, “నిన్న దాసప్ప పెండ్లాం కూడా వాళ్ళ పురుగులకు ఆకు కొయ్యను రావద్దనింది. నల్లమ్మ చెయ్యి మంచిది కాదంట” అంది. అది ఫిర్యాదులా చెప్పలేదు. అందుకే నారాయణమ్మకు ఎక్కువ తగిలింది.

“ఎన్ని పొద్దుల నుంచి తాగుతాండాడు?”

“నేను చూసేది ఉగాది అయినాక. మునుపు తాగినట్టు లేదు. ఆదెన్నను అడుగు, ఆయన అంగట్లోనే కొంటాడు.”

నారాయణమ్మ గబగబా ఊళ్ళోకి నడిచింది. చెప్పులు కూడా వేసుకోలేదు.

ఆదెన్న ఎస్టీడీ బూతులో ఒకవైపు ఫోను, ఇంకొక వైపు సిగరెట్లు, బీడీలు, బిస్కెట్లు. ముందు రెండు బెంచీలు. కరువుకు పనిలేని మగవాళ్ళంతా పొద్దున్నుంచీ అక్కడే ఉంటారు. నారాయణమ్మ ఎప్పుడూ ఆ అరుగు ఎక్కలేదు. ఆమె రావడం చూసి దాసప్ప బీడీ కింద పడేసి కాలితో నలిపాడు.

“ఆదెన్నా, మా అల్లుడు నీ కాడ సిగరెట్లు కొంటాండాడా?”

“సిగరెట్లా? నాకేమి తెలుసక్కా, వచ్చేవాళ్ళు పోయేవాళ్ళు ఎంతమందో...”

“ఆదెన్నా.” ఆమె గొంతు పెంచలేదు. “ఆ బిడ్డ ఊపిరి అందక మంచం పట్టె పట్టుకొని కూర్చున్నాడు. ఎప్పటినుంచి, పొద్దుకు ఎన్ని. చెప్పు.”

ఆదెన్న బెంచీల వైపు చూశాడు. బెంచీల మీదివాళ్ళు నేల చూశారు.

“ఉగాది మర్నాడు నుంచి” అన్నాడు. “మొదట ఒకటి తాగి కండ్లనీళ్ళు పెట్టుకున్నాడు. ఇప్పుడు పొద్దుకు పది. ఏమి దాచేదిలే అక్కా, మేమే నేర్పినాము. ఈడికొచ్చి కూర్చుంటే అత్తింటి పురుగుల ఆయా వచ్చిందని నగుతాంటిమి. సిగరెట్టు తాగితే పక్కన చోటు ఇస్తామంటిమి. ఎగతాళికే.”

“ఫోను కలుపు” అంది నారాయణమ్మ చీటీ ఇచ్చి.

లైను మూడోసారికి కలిసింది. డాక్టరమ్మను పిలిపించడానికి ఇంకొంత సేపు. బెంచీల మీద ఎవరూ లేవలేదు. డాక్టరమ్మ గొంతు బావిలోంచి వచ్చినట్టు వినిపించింది. నారాయణమ్మ రిసీవరు రెండు చేతులతో పట్టుకొని, అవతలి ఊరికి వినబడాలన్నట్టు అరిచింది.

“మేడం, నేను రామాంజులు అత్తను! నేను అబద్ధం చెప్పినా! మా అల్లుడు సిగరెట్లు తాగుతాండాడు! మూడు వారాలు! పొద్దుకు పది! అంతకు ముందు ఒక్కటీ తాగలేదంట!”

“కచ్చితంగా మూడు వారాలేనా? మళ్ళీ చెప్పండి” అంది డాక్టరమ్మ.

“ఉగాది మర్నాడు నుంచి! అమ్మినోడు నా ముందరే ఉండాడు!”

“అమ్మా, వినండి. కొత్తగా పొగ మొదలుపెట్టిన కుర్రవాళ్ళలో ఎక్కడో ఒకరికి ఊపిరితిత్తులు ఇలా ఒక్కసారిగా వాచిపోతాయి. నేను చదివానే కానీ చూడలేదు. ఇది అదే అయితే దీనికి వేరే ఇంజక్షన్ ఉంది, తొందరగా పనిచేస్తుంది. మామూలు నిమ్ము అయితే అదే ఇంజక్షన్ అపాయం. అందుకే నిన్నటి నుంచి వెనకాడుతున్నాను. ఇప్పుడే మొదలుపెడతాను.”

“బతుకుతాడా మేడం?”

“నాకు ఆశ ఉంది. మీరు ఫోను చేయడం మంచిదైంది. పెట్టేస్తాను, ఆలస్యం చేయకూడదు.”

“ఇంకొక్క మాట మేడం!” నారాయణమ్మ బెంచీల వైపు తిరిగింది. “మా పురుగులు చచ్చింది నల్లమ్మ పొగాకుతో కాదు! మా ఇంటి సిగరెట్టు పెట్టెతోనే చచ్చినాయి! నల్లమ్మ చెయ్యి మంచిదే! నేనే అన్యాయంగా అన్నా!”

“నల్లమ్మ ఎవరు?” అంది డాక్టరమ్మ.

అప్పటికే నారాయణమ్మ రిసీవరు పెట్టేసింది. దాసప్ప లేచి, తువ్వాలు దులిపి, తన ఇంటి వైపు నడిచాడు. పెళ్ళానికి చెప్పడానికే వెళ్తున్నాడని అందరికీ తెలుసు.

మధ్యాహ్నం బస్సుకు ఆసుపత్రికి వెళ్తే రామాంజులు ఇంకా కూర్చునే ఉన్నాడు. రాత్రంతా తల్లీకూతుళ్ళు చెరొక వైపు కూర్చున్నారు. మంగళవారం పొద్దున నారాయణమ్మ కునుకు తీసి లేచి చూస్తే అతను వెల్లకిలా పడుకొని నిద్రపోతున్నాడు. రెండు రోజుల తర్వాత పడుకున్నాడు. ఆమె గబగబా దగ్గరికి పోయి ఊపిరి ఉందా లేదా అని చూసింది. ఉంది. భుజాలు ఎగరడం లేదు. పొట్ట మెల్లగా లేచి దిగుతోంది. బుధవారం ఫోటోలో మబ్బు సగానికి సగం విడిపోయింది. డాక్టరమ్మ ఆ ఫోటోను అందరికీ చూపించుకొని తిరిగింది. తర్వాత రామాంజులు దగ్గర కూర్చొని, ఇకమీదట ఒక్క సిగరెట్టు ముట్టుకున్నా ఇదే మళ్ళీ రావచ్చని చెప్పింది. అతను తల ఊపాడు. ఈసారి ఎవరి వైపూ చూడలేదు.

డాక్టరమ్మ వెళ్ళాక భార్యతో మెల్లగా అడిగాడు. “నల్లమ్మత్త మళ్ళా పనికి వస్తాందా?”

మహేశ్వరి తల్లి వైపు చూసింది. నారాయణమ్మ గోడ వైపు తిరిగి, “వస్తాందని చెప్పు” అంది.

శనివారానికి ఇంటికి పంపారు. ఆ సరికి పురుగులు పండాయి. మేత మానేసి, ఒళ్ళు పసుపు తేలి, గూడు అల్లడానికి తావు వెతుక్కుంటున్నాయి. షెడ్డులో చప్పుడు ఆగిపోయింది. ముందుగా వచ్చిన నారాయణమ్మ, నల్లమ్మ, దాసప్ప పెళ్ళాం కూడా, పండిన పురుగుల్ని ఏరి, అవి గూళ్ళు అల్లుకునే వెదురు చంద్రికల మీద వదులుతున్నారు. పండిన పురుగు ఆగదు. ఆ పూటే ఏరకపోతే తట్టలోనే అల్లేసి గూడు పాడుచేస్తుంది. అందుకే జీపు ఆగిన చప్పుడైనా ఎవరూ వెంటనే లేవలేకపోయారు.

రామాంజులు మహేశ్వరి భుజం పట్టుకొని కంచె దాకా వచ్చి ఆగాడు. చిక్కిపోయాడు. చొక్కా భుజాల మీద వేలాడుతోంది. కంబం కొక్కేనికి నల్లమ్మ తిత్తి ఉంది. దాన్ని చూస్తూ నిలబడ్డాడు తప్ప అడుగు ముందుకు వేయలేదు.

“రాను” అన్నాడు మహేశ్వరితో. “పనులు అయ్యేదాకా ఈడనే కూర్చుంటా. నా చేతులు మంచివి కావు.”

లోపల ఉన్నవాళ్ళందరికీ ఆ మాట వినిపించింది. నారాయణమ్మ చేతిలోని పురుగును చంద్రిక మీద వదిలి లేచింది. ఇంట్లోకి పోయి ఇత్తడి చెంబు నిండా నీళ్ళు తెచ్చింది. పెళ్ళైన కొత్తలో అల్లుడు గడప దగ్గరికి వచ్చినప్పుడు కాళ్ళకు నీళ్ళిచ్చిన చెంబు అది, పండగలకు తప్ప బయటికి రాదు. మహేశ్వరి అందుకోబోయింది. నారాయణమ్మ కూతుర్ని దాటుకొని పోయి, చెంబును అల్లుడి చేతికే ఇచ్చింది. వెనక్కి తిరిగి, “నల్లమ్మా, ఇట్లా రా. మళ్ళా చేతులు కడుక్కుందువు రా” అని పిలిచింది.

నల్లమ్మ వచ్చి నిలబడింది, ఎందుకో అర్థం కాక.

నారాయణమ్మ అల్లుడి ముఖంలోకి చూసింది. మూడు నెలల్లో మొదటిసారి మధ్యలో కూతురు లేకుండా మాట్లాడింది.

“ముందు ఆయమ్మ చేతులకు పొయ్యి, నాయనా.”

“అయ్యో వద్దు సామీ, వద్దమ్మయ్యా, నాకెందుకు...” అంటూ నల్లమ్మ వెనక్కి జరిగింది. రామాంజులు చెంబు వంచాడు. నీరసానికి చెంబు ఒక పక్కకు ఒరిగి మొదటి నీళ్ళు నేల మీద పడ్డాయి. అలా నీళ్ళు వృథాగా పోతుంటే చూడలేక నల్లమ్మే చప్పున దోసిలి పట్టింది. ఆ ఊళ్ళో ఎవరైనా పడతారు. అతను పోస్తూ ఉన్నాడు, ఆమె చేతులు రుద్దుకుంటూ ఉంది. అతని కళ్ళనీళ్ళు గడ్డం దాకా కారాయి, తుడుచుకోవడానికి రెండు చేతులూ ఖాళీ లేవు.

“చాలు సామీ. ఆ మిగిలినవి ఇట్లా ఇయ్యి” అని నల్లమ్మ చెంబు తీసుకొని, అతని చేతులు పట్టుకొని తానే కడిగింది. వేళ్ళ సందులు కూడా వదలకుండా కడిగింది. తర్వాత కొంగుతో తుడిచి, “రా, పురుగులు మన కోసం ఆగవు” అంది.

రామాంజులు సున్నం గోనె మీద కాళ్ళు తుడుచుకొని లోపలికి వచ్చాడు. నారాయణమ్మ అప్పటికే తట్ట ముందు కూర్చుంది. పక్కన కాస్త జరిగి చోటిచ్చింది.